వందేళ్ల మండువా ఇల్లు, ఊరి కుర్రాళ్ల శ్రమదానం: ముందు ఎక్కడ చెయ్యి పెట్టాలి?

లంక ఆడపడుచు:

అందరికీ నమస్కారమండీ. మాది కోనసీమ, పి.గన్నవరం దగ్గర ఓ పల్లె. మా ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి, అంటే నడిమధ్య కప్పులేని వాకిలి, దాని చుట్టూ గదులు ఉండే ఇల్లు, ఇంకా నిలబడే ఉంది. సింహద్వారం పైన 1923 అని చెక్కి ఉంటుంది. ఒకప్పుడు వీధి వసారాలో ఊరి పఠన మందిరం నడిచేది. పేపరు చదవడానికి వచ్చినవాళ్లు మధ్యాహ్నం దాకా అరుగు దిగేవాళ్లు కాదని నాన్న చెప్పేవారు. పెదనాన్నగారు పోయాక ఇంటికి తాళం పడింది.

ఇప్పుడు ఊళ్లో కుర్రాళ్లు ముందుకొచ్చారు. ఆదివారాలు శ్రమదానం చేస్తాం, ఇల్లు బాగుచేసి మళ్లీ లైబ్రరీ పెడదాం, ఒక గదిలో పాత ఫోటోలు, నాగళ్లు, కుంచాలు, కావిళ్లు ఉంచుదాం అంటున్నారు. మేం వాటాదారులం ఐదుగురం. నలుగురం సరేనన్నాం. న్యూజెర్సీలో ఉండే అన్నయ్య మాత్రం, డబ్బు పంపుతాను గానీ కాగితాలు సరిగ్గా ఉండాలంటున్నాడు.

ఇంటి పరిస్థితి చెప్తాను. 1996 నవంబరు తుఫానులో ఉత్తరం వైపు కప్పు మీద కొబ్బరిచెట్టు పడింది. అప్పుడు పెంకులు దొరక్క ఆ మేరకు సిమెంటు రేకులు వేశారు, అవే ఇప్పటికీ ఉన్నాయి. మండువా మూలల్లో కారుతోంది. వంటింటి గోడ కింద మూడడుగుల దాకా చెమ్మ, గోరుతో గీకితే ఇటుక పొడిపొడిగా రాలుతోంది. స్తంభాలు బాగానే ఉన్నాయి. ఒక దూలానికి గోడలోకి దూరిన చోట చెదలు కనిపించింది.

ఓ కాంట్రాక్టరు వచ్చి చూసి, గోడలన్నీ చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగు, నేలకి టైల్సు, మండువా మీద ఫైబర్ షీటు వేసేద్దాం అన్నాడు. వింటుంటే నాకే టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దేంతో మొదలెట్టాలో చెప్పండి.

పాలకొల్లు పెంకుటిల్లు:

అమ్మా, ముందు ఆ కాంట్రాక్టరుకి కాఫీ ఇచ్చి పంపించెయ్యండి.

నేను ఓవర్‌సీరుగా చేసి రిటైరైనవాణ్ణి. మా నాన్న తాపీమేస్త్రీ, గానుగ సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నంతో పనిచేసిన ఆఖరి తరం. ఇప్పుడు మా చుట్టుపక్కల పాత ఇళ్ల పనులకి ఊరివాళ్లతో కలిసి వెళ్తుంటాను. నాకు తెలిసిన మాట ఒకటే. పైనుంచి నీళ్లు పడటం ఆగేదాకా గోడల జోలికీ, రంగుల జోలికీ పోవద్దు. కుర్రాళ్లకి ఉత్సాహం ఎక్కువ. మొదటి ఆదివారమే గోడలు గీకి రంగులేసి ఫోటోలు పెట్టాలనుకుంటారు. కప్పు కారుతుంటే ఆ రంగు రెండో వానకి ఉండదు.

మండువా ఇంట్లో రోగమంతా మీరు చెప్పిన ఆ నాలుగు మూలల్లోనే. రెండు వాలులు కలిసే చోటికి రెండు వైపుల నీళ్లూ వస్తాయి. అక్కడ పెంకుల కింద జింకు రేకు కాలవలా వంచి వేసి ఉంటారు. దానికి తూట్లు పడితే నీళ్లు నేరుగా కింద ఉన్న వాసం మీద పడతాయి, వాసం నానుతుంది, నానిన కర్రకి చెదలు వస్తాయి. మీ దూలానికి చెదలు పట్టిన చోటు ఆ మూలకి దగ్గర్లోనే ఉంటుందని నా అనుమానం, చూసి చెప్పండి. మండువాలో నీళ్లు బయటికి పోయే తూము కూడా చూడండి. వాడకం లేని ఇళ్లలో అది కొబ్బరి పీచుతో, ఆకులతో పూడిపోయి నీళ్లు గోడల కింద నిలబడతాయి. వంటింటి చెమ్మకి సగం కారణం అక్కడే దొరకొచ్చు. ఆ తూము పూడిక తీయడం శ్రమదానానికి మంచి పని, ఖర్చు లేదు.

పెంకులు దించేటప్పుడు ఒకవైపు మొత్తం దించేసి రెండోవైపు బరువు అలాగే ఉంచొద్దు. రెండు వాలుల్లోనూ వరసకి వరస సమానంగా దించాలి. చెదల దూలం కింద ముందే సరుగుడు బాదులతో ఊతం ఇవ్వాలి. కప్పెక్కే పని కుర్రాళ్లకి వద్దు, పెంకుల పని తెలిసినవాళ్లే ఎక్కాలి. కింద అందుకోవడం, బ్రష్షుతో నాచు గీకడం, పగిలినవి ఏరడం, వరసల వారీగా పేర్చడం, అదంతా కుర్రాళ్ల పని.

పెంకు వెనక్కి తిప్పి చూడండి, ఫ్యాక్టరీ పేరు అచ్చు పోసి ఉంటుంది. మనం బెంగుళూరు పెంకు అంటాం గానీ అది మంగుళూరుది, 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు అక్కడ పెట్టిన ఫ్యాక్టరీతో మొదలైంది. ఒక ఫ్యాక్టరీ పెంకు గాడిలో ఇంకో ఫ్యాక్టరీ పెంకు సరిగ్గా కూర్చోదు, ఆ సందులోంచే కారుతుంది. అందుకని కొత్తవి కొనేముందు పగలగొడుతున్న పాత ఇళ్ల దగ్గర అదే అచ్చు పెంకులు దొరుకుతాయేమో వెతికించండి.

ఇక సిమెంటు సంగతి. మన డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు. ఆ కాలం ఇటుక ఊళ్లోనే కాల్చింది, మెత్తన. అది కింది నుంచి తడి పీలుస్తుంది, సున్నం పూత లోంచి ఆ తడి గాలికి ఆరిపోతుంది. దానిమీద సిమెంటు పూస్తే తడిబట్టల మీద రెయిన్‌కోటు తొడిగినట్టే. తడి పోయే దారి లేక మూడడుగుల చెమ్మ ఐదడుగులకి ఎక్కుతుంది. నీటితో పాటు వచ్చిన ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి దాని పైభాగాన్ని పొడిపొడి చేసేస్తుంది. మీ గోరుకి రాలిన పొడి అదే. ఆ వంటింటి గోడకి ఎప్పుడో కింద సిమెంటు పట్టీ వేసి ఉండాలి, చూడండి. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల్లో ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు 2013లో పని మొదలుపెట్టి చేసిన పెద్ద పనుల్లో ఒకటి ఇదే, వెనకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటుని ఒలిచేసి మళ్లీ సున్నం వేయడం. మన గానుగ సున్నాన్నే తెలంగాణవాళ్లు డంగు సున్నం అంటారు.

సున్నం పని కష్టమేం కాదు, ఓపిక కావాలి. కాల్చిన సున్నం నీళ్లలో వేసి విరగబెట్టి, జల్లెడపట్టి, కనీసం రెండు వారాలైనా నీళ్ల కింద నాననివ్వాలి. ఎన్నాళ్లు నానితే అంత వెన్నలా వస్తుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక. చెమ్మ ఉన్నచోట ఇసుకలో కొంత తగ్గించి మెత్తటి ఇటుక పొడి కలిపితే తడిలో కూడా గట్టిపడుతుంది. మా నాన్న కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసేవారు. ఇప్పుడు ఎద్దుల గానుగ ఎక్కడ దొరుకుతుంది, మోటారు గానుగ అద్దెకి తెచ్చుకోండి. కాంక్రీటు మిక్సరు వద్దు, అది కలుపుతుంది గానీ నూరదు. పూత పలచగా వేసి, ఆరాక రెండోది. గోనెసంచులు తడిపి కప్పి ఉంచాలి, ఎర్రటి ఎండలో వేస్తే బీటలిస్తుంది. సంక్రాంతి వెళ్లాక మొదలెడితే వాతావరణం కలిసొస్తుంది.

ఒక జాగ్రత్త. సున్నం విరిగేటప్పుడు సలసల కాగుతుంది. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దు. కంట్లో పడితే ఆగకుండా మంచినీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది కుర్రాళ్లకి గట్టిగా చెప్పండి.

నేల గచ్చు బాగుంటే టైల్సు మాట ఎత్తొద్దు. మండువా మీద ఫైబర్ షీటు వేస్తే దాన్ని ఇక మండువా ఎందుకంటారు? వెలుతురూ గాలీ వచ్చే దారి అదే.

నిజం మాట్లాడుకుందాం:

కోపం తెచ్చుకోకండి గానీ, ఇంత తంటా దేనికి? ఆ ఖర్చుతో రెండు గదుల డాబా లేస్తుంది, లైబ్రరీ అందులో పెట్టుకోవచ్చు. మా ఊళ్లో ఇలాంటిదే విప్పేసి స్తంభాలూ తలుపులూ అమ్మారు, ఏ రిసార్టుకో వెళ్లిపోయాయి. వాటాదారులకి నాలుగు డబ్బులు వచ్చాయి. కుర్రాళ్ల ఉత్సాహం ఉగాది దాకా ఉంటే గొప్ప.

కడప కుర్రోడు:

పై అన్న చెప్పినదాంట్లో కుర్రాళ్ల మాట కొంత నిజమే. కానీ ఇల్లు పోయాక ఏం మిగులుతుందో మా కడపలో చూసినాం. సి.పి.బ్రౌన్ 1820లో ఇక్కడికి వచ్చి, బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తెలుగు తాళపత్రాలకు శుద్ధ ప్రతులు రాయించినాడు. వేమన పద్యాలు, కావ్యాలు ఎన్నో ఆ పనివల్ల నిలబడినాయి. అట్లాంటి బంగళాను తర్వాత పట్టించుకున్నవాళ్లు లేరు, చివరికి మొండిగోడలు మిగిలినాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, ఊరూరా చందాలు పోగుచేసి ఆ చోట బ్రౌన్ పేరుమీద గ్రంథాలయం నిలబెట్టినారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం. గొప్ప పనే. అయినా అక్కడికి పోయినప్పుడల్లా, బ్రౌన్ పండితులతో కూర్చున్న గది ఒక్కటన్నా ఉంటే బాగుండు అనిపిస్తుంది. మీకు గదులన్నీ ఉన్నాయి కదా అక్కా.

ఇంకోటి. వందమంది అక్కర్లేదు. తాళంచెవి, లెక్కల పుస్తకం పట్టుకుని కూర్చునే మొండిమనిషి ఒక్కరు ఉండాల. అది ఎవరో ముందే తేల్చుకోండి.

పద్దుల పంతులు:

కాగితాల సంగతి నేను చెప్తాను, నా వృత్తి అదే.

ఐదుగురు వాటాదారులూ సంతకం పెట్టకుండా ఇటుక కదపొద్దు. లైబ్రరీ నడపడానికి ఒక సంఘం పెట్టుకుంటారు కదా, ఇల్లు ఆ సంఘానికి ఇచ్చేయాల్సిన పనిలేదు, లీజుకి ఇవ్వండి. ఏడాది దాటిన లీజైతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మరమ్మతు ఖర్చు ఎవరిది, రేపు ఎవరైనా వాటా అమ్ముకుంటే లైబ్రరీ సంగతేంటి, ఈ రెండూ అందులో స్పష్టంగా రాయించండి. నేను చూసిన గొడవలన్నీ ఈ రెండోదాని దగ్గరే మొదలయ్యాయి. సంఘం పెట్టాలంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి.

మీ అన్నయ్యగారి డబ్బు దగ్గర జాగ్రత్త. ఆయనది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా సంఘానికి పంపినా అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, ఆయన విదేశీయుడే. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా మీ సంఘం ఆయన దగ్గర రూపాయి తీసుకోకూడదు. కొత్త సంఘానికి ఆ రిజిస్ట్రేషన్ వెంటనే రాదు. అయితే ఆయన కూడా ఇంటి వాటాదారే కాబట్టి, తన ఆస్తి మరమ్మతుకి పెంకుల కొట్టుకి, వడ్రంగికి తన ఖాతాలోంచి నేరుగా చెల్లించడం వేరే లెక్క. ఒక్కసారి ఆడిటర్‌కి కాగితాలు చూపించి ఆ దారిలో వెళ్లండి.

లంక ఆడపడుచు:

అందరికీ చాలా థ్యాంక్సండీ. నిన్న తూము తవ్వించాం. పెంకుటిల్లు బాబాయిగారు చెప్పినట్టే కొబ్బరి పీచూ, మట్టీ, వాటితో పాటు ఇత్తడి చెంబు ఒకటి వచ్చింది, అమ్మ తెగ సంబరపడింది. వంటింటి గోడకి కింద సిమెంటు పట్టీ ఉంది, పెదనాన్నగారు ఎప్పుడో వేయించారట. చెదలు పట్టిన దూలం కూడా ఈశాన్యం మూల పక్కదే.

నిజం మాట్లాడుకుందాం గారూ, స్తంభాలకి బేరం మాకూ వచ్చింది. అమ్మడానికి ఎవరికీ మనసొప్పలేదు, అంతే. తాళంచెవి మా ఊరి హైస్కూల్లో చేసి రిటైరైన టీచరుగారు పట్టుకుంటానన్నారు. ఆవిడ దగ్గర లెక్క తప్పదు, మాకందరికీ ఎక్కాలు నేర్పిందే ఆవిడ.

ఇంకో రెండు అడగాలి. దూలం మొత్తం మార్చాలా? అటక మీద గుడ్డలో చుట్టిన తాటాకు కట్టలు దొరికాయి, కుర్రాళ్లు నూనె రాసి శుభ్రం చేద్దామంటున్నారు, చెయ్యొచ్చా?

కడప కుర్రోడు:

నూనె గీనె వద్దక్కా, కట్టు కూడా విప్పొద్దు. ఆకు పెళుసుగా ఉంటే విప్పేటప్పుడే విరుగుతుంది. ఎండలో పెట్టొద్దు. పొడిగా ఉండే పెట్టెలో ఉంచి, ఏదైనా ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వాళ్లకు చూపించండి. పైన ఎక్కడ దొరికింది, ఏ గుడ్డలో ఉంది అనేది చీటీ రాసి పక్కన పెట్టండి, ఆ గుడ్డనూ పారేయొద్దు.

పాలకొల్లు పెంకుటిల్లు:

దూలం మొత్తం మార్చక్కర్లేదమ్మా. ఆ కాలం బర్మా టేకు ఇప్పుడు ఎంత పెట్టినా రాదు. స్క్రూడ్రైవరుతో కొసనుంచి పొడుచుకుంటూ రండి. ఎక్కడ గట్టిగా తగిలితే అక్కడినుంచి కర్ర బాగున్నట్టు. పాడైన కొస వరకే కోసి, కొత్త టేకు ముక్క ఏటవాలు అతుకుతో కలిపి, ఇనప పట్టీలు, బోల్టులు బిగిస్తారు. ఇది బల్లలు చేసే వడ్రంగి పని కాదు, ఇళ్లు కప్పిన వడ్రంగి కావాలి. గోడలోకి దూరే చోట చుట్టూ వేలెడు ఖాళీ వదలమనండి, కర్రకి గాలి తగలాలి.

వంటింటి గోడకి ఆ సిమెంటు పట్టీ మెల్లగా, చిన్న ఉలితో ఒలిపించండి. ఒలిచాక వెంటనే పూత వేయించొద్దు. ఒక వేసవి అలా వదిలేస్తే తడి వెళ్లిపోతుంది. పైకి తేలిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులపాలి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది.

ఉత్తరం వైపు సిమెంటు రేకులు దించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. అప్పటి రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. సుత్తితో కొట్టి ముక్కలు చెయ్యనివ్వొద్దు, రంపం పెట్టనివ్వొద్దు. నీళ్లు చల్లి తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దించాలి. మంచి మాస్కులు ఉండాలి, పిల్లలు చుట్టుపక్కల ఉండకూడదు. ఆ రేకులు ఊళ్లో ఎవరో గొడ్లపాకకి అడుగుతారు, ఇవ్వొద్దు.

ఈశాన్యం మూల పెంకులు తీశాక లోపలి జింకు రేకు ఫోటో పెట్టండి. వాలు ఎంతుందో, రేకు ఎంత వెడల్పు కావాలో చూసి చెప్తాను.