ఎనిమిదో తరగతి పిల్లలు బారిష్టర్ పార్వతీశాన్ని వదలట్లేదు, ఎందుకంటారు?

నర్సాపురం టీచర్:

అందరికీ నమస్కారం అండి. నర్సాపురం దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో తెలుగు చెప్తాను. చాలా రోజుల్నించి ఓ సంగతి బుర్రలో తిరుగుతోంది, ఇక్కడ పుస్తకాలు చదివేవాళ్ళు ఎక్కువమంది ఉంటారు కదా అని అడుగుతున్నాను.

మా ఎనిమిదో తరగతిలో 34 మంది. క్లాసు పుస్తకం కాకుండా ఇంకో పుస్తకం పట్టుకున్నవాళ్ళు ఐదారుగురు ఉంటారు అంతే. మొన్న వానల్లో గ్రౌండంతా నీళ్ళు నిలిచిపోయి ఆటల పీరియడ్ పోయింది, పిల్లలు ఒకటే గోల, నా బ్యాగులో బారిష్టర్ పార్వతీశం నవల ఉంటే తీసి మొదట్నించి చదవడం మొదలెట్టేను. గంట కొట్టేరు, ఎవ్వరూ లేవలేదు. ఆఖరి బెంచీలోంచి ఒకడు "ఇంకొక్క పేజీ టీచర్" అన్నాడు. బడి తెరిచిన దగ్గర్నుంచి వాడు క్లాసులో నోరు విప్పడం అదే మొదటిసారి.

ఇంక అక్కణ్ణించి రోజూ ఆఖరి పావుగంట అదే పని. మన పార్వతీశం బారిష్టర్ చదువుకి ఇంగ్లండు బయల్దేరి, ఆడవాళ్ళ టోపీ తలమీద పెట్టుకుని దర్జాగా తిరిగే చోటు చదువుతుంటే కడుపు పట్టుకుని బెంచీ కిందకి జారిపోయినవాళ్ళు ఉన్నారు. తర్వాత లిఫ్ట్ చూసి అదే తనకిచ్చిన గది అనుకునే చోటు వచ్చింది. మళ్ళీ అలాగే నవ్వేరు, ఆ నవ్వుల మధ్యలో ఒక పిల్ల లేచి నించుని "టీచర్, నేను కూడా లిఫ్ట్ ఎప్పుడూ ఎక్కలేదు" అంది. క్లాసంతా గప్‌చుప్. కాసేపటికి కిటికీ పక్కనుంచి "నేనూ ఎక్కలేదు" అని ఒకడు, తర్వాత ఇంకో ఇద్దరు. చేతులెత్తమంటే 34 మందిలో 19 మంది ఎత్తేరు. ఆ పేరా మళ్ళీ మొదట్నించి చదవమన్నారు, చదివేను, ఈసారి కూడా నవ్వేరు గానీ ఆ నవ్వు వేరేగా ఉందండి, సొంత మేనమావ చేసిన పని చెప్పుకుని ఇంట్లో నవ్వుకుంటాం చూడండి, అలా.

ఇది ఎందుకో నాకు అర్థం కావాలి. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి మొదటి భాగం వచ్చింది 1924లో, వందేళ్ళు దాటిపోయింది. స్టాఫ్ రూములో అడిగితే కామెడీ కదండీ, పిల్లలు నవ్వుతారు అనేసేరు. జోకులైతే ఫోన్లో ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి, వాటికోసం గంట కొట్టేక కూడా కూర్చున్న పిల్లల్ని నేను చూళ్ళేదు. మీకు ఏమనిపిస్తుందో చెప్పండి.

రాజోలు పిల్ల:

టీచర్ గారూ, నేను ఈ పుస్తకం ఏడో తరగతి సెలవుల్లో అమ్మమ్మగారింట్లో చదివేను, అట్ట ఊడిపోయిన పుస్తకం, చివర్లో కొన్ని పేజీలు కూడా లేవు, అయినా రెండుసార్లు చదివేను.

నాకు తోచింది చెప్తాను. ఆ వయసు పిల్లలకి పొద్దున్న లేచిన దగ్గర్నుంచి అందరూ చెప్పే మాట ఒకటే, నీకేం తెలీదు నువ్వు ఊరుకో. ఈ కథ పార్వతీశమే "నేను" అని చెప్తాడు కదా, తనకి అన్నీ తెలుసన్న ధీమాతో చెప్పుకుపోతుంటాడు, ఎక్కడ పప్పులో కాలెయ్యబోతున్నాడో తనకంటే ముందు మనకి తెలిసిపోతుంది. అయ్యో వద్దు బాబూ అని మనం అనుకునేలోపు వెళ్ళి అందులో పడతాడు. పెద్దమనిషికంటే నాకే ముందు తెలిసింది అన్న సంతోషం పన్నెండేళ్ళ పిల్లకి ఇంకెక్కడ దొరుకుతుందండి. అదే కథని ఎవరో పక్కనుంచి "అనగనగా ఒక తెలివితక్కువవాడు" అని చెప్పుంటే నేను రెండు పేజీలు కూడా చదివేదాన్ని కాదు.

ఇంకోటి, అంత నవ్వులపాలైనా ఆయన ప్రయాణం ఆపడు. ఈ సంగతి నాకు చాలా తర్వాత పట్టుబడింది. ఇంటర్‌కి నన్ను హైదరాబాద్ పంపేరు, సఖినేటిపల్లి రేవులో నాన్నతో పంటు, అంటే గోదావరి దాటించే పడవ, ఎక్కి నర్సాపురం వచ్చి అక్కడ రైలెక్కేను. మొదటి నెల్లోనే ఒక మాల్‌లో ఎస్కలేటర్ ముందు నిలబడిపోయేను, కాలు పెట్టడానికి భయం, మెట్లు నా కాళ్ళ దగ్గర్నుంచే పుట్టుకొస్తున్నాయి, వెనకాల క్లాసువాళ్ళు నవ్వుతున్నారు, కళ్ళంట నీళ్ళొచ్చేసేయి. నిజంగా చెప్తున్నాను, అప్పుడు నాకు పార్వతీశం గుర్తొచ్చేడు. ఆ టోపీతో అంత దూరం వెళ్ళేడు కదా అనుకుని పక్కన పట్టుకుని కాలు పెట్టేసేను.

పాలకొల్లు నాన్న:

నేను కొంచెం ఒప్పుకోనండి. మా అబ్బాయికి పదమూడేళ్ళు, ఇదే పుస్తకం పోయినేడు పుట్టినరోజుకి కొనిచ్చేను, పదిహేను పేజీలు చదివి పక్కన పడేసేడు. అణా అంటే ఏంటి, బేడ అంటే ఏంటి, బారిష్టర్ అంటే ఏంటి అని ప్రతి లైనుకీ నన్ను అడగడం, నేనేమో రాత్రి తొమ్మిదిదాకా షాపులోనే ఉంటాను. కాబట్టి మీ పిల్లలకి నచ్చింది సగం పుస్తకం, సగం మీరు చదివి వినిపించే పద్ధతి అని నా అభిప్రాయం. 34 మంది కలిసి నవ్వుతుంటే అర్థం కానివాడు కూడా పక్కవాణ్ణి అడిగి నవ్వుతాడు. ఒక్కడే గదిలో కూర్చుని చదువుకుంటే అది ఉండదు.

రెండో మాట, పల్లెటూరివాడు పట్నం వెళ్ళి తెలీక ఏదో చేస్తే నవ్వడం మన పిల్లల మీద మనమే నవ్వుకోవడం కాదా? మా నాన్నని వైద్యానికి మొదటిసారి పెద్ద ఊరు తీసుకెళ్ళినప్పుడు ఆసుపత్రి కౌంటర్లో వాళ్ళు ఆయన మాట విని నవ్విన నవ్వు నాకింకా చెవిలో ఉంది. ఆయన చేతిలో సంచీ ఇటునుంచి అటు మార్చుకుని తల దించుకున్నారు. అది చూసినవాడికి ఇలాంటి కథ అంత తొందరగా నవ్వు తెప్పించదండి.

రాజోలు పిల్ల:

అన్నయ్య గారూ, మీ నాన్నగారి సంగతి చదివి మనసు ఎలాగో అయిపోయింది. కానీ ఆ కౌంటర్ వాళ్ళు ఆయన్ని మనిషిగా చూడకుండా నవ్వేరు. ఇక్కడ రాసినాయన మన పశ్చిమగోదావరి మనిషే, ఆయన కూడా ఎడింబరో వెళ్ళి చదువుకుని వచ్చినాయనే. కొత్త దేశంలో ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డం అంటే ఏంటో ఆయనకి వేరేవాళ్ళు చెప్పక్కర్లేదు. అందుకే నవ్వు వస్తుంది గానీ పార్వతీశం మీద చులకన రాదు. టీచర్ గారి క్లాసులో ఆ పిల్ల లేచి నేనూ లిఫ్ట్ ఎక్కలేదు అని చెప్పగలిగింది కదా, కథలో చులకన ఉంటే ఆ పిల్ల నోరు నొక్కుకుని కూర్చునేది.

కాలవగట్టు తాతయ్య:

నాకు 74 ఏళ్ళు, భీమవరం. మీరందరూ హాస్యం గురించే మాట్లాడుతున్నారు, ప్రయాణం సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటమ్మా. అది సాహసం కథ. సాహసం అనగానే ఎక్కడో అడవిలోనో దీవిలోనో మొదలవ్వాలి అనుకుంటాం, ఇది మొదలయ్యేది మొగల్తూరులో. ఆ రోజుల్లో నర్సాపురానికి రైలు లేదు, పడవెక్కి కాలవ మీద నిడదవోలు వెళ్ళి అక్కడ రైలు పట్టుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, దాని కాలవలు చేలకి నీళ్ళిచ్చేవి, పడవలకి దారీ ఇచ్చేవి.

చిన్నప్పుడు మా నాయనమ్మతో నేనూ పడవ మీద వెళ్ళేను. గాలి లేకపోతే ఇద్దరు మనుషులు భుజాన తాడు వేసుకుని గట్టు మీద నడుస్తూ లాగేవారు, రాత్రిపూట పడుకుంటే ఆ తాడు వదులై నీళ్ళని తగిలి మళ్ళీ బిగుసుకునే చప్పుడు వినపడేది. లాకుల దగ్గర నిద్రలేచి కూర్చునేవాణ్ణి. పడవ లోపలికి వెళ్ళగానే వెనక తలుపులు మూసేసి పైనుంచి నీళ్ళు వదిలేవారు, పడవతోపాటు మమ్మల్ని ఎవరో కిందనుంచి నెమ్మదిగా ఎత్తుతున్నట్టు ఉండేది, పక్కన తడిసిన గోడ కిందకి దిగిపోతుండేది. ఇప్పటి పిల్లలు అదే గట్టు మీద సైకిళ్ళేసుకుని వెళ్తున్నారు కానీ ఆ కాలవ పట్టుకుని లండన్ వెళ్ళొచ్చని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఈ పుస్తకం చెప్తుంది. ముందు పడవ, తర్వాత రైలు, తర్వాత ఓడ, ఎక్కే బండి పెద్దదవుతూ ఉంటుంది, తెలిసిన మొహాలు తగ్గుతూ ఉంటాయి. ఇప్పుడెక్కడ దిగుతాడు, ఏం తింటాడు, ఎవడైనా మోసం చేస్తాడా అని పిల్లాడికి గుండెలో బెంగ ఉంటుంది, ఆ బెంగ ఉంది కాబట్టే నవ్వు అంత గట్టిగా వస్తుంది. ఫోన్లో జోకుకి వెనక బెంగ లేదు కదమ్మా.

పాలకొల్లు నాన్న గారికి, మీ అబ్బాయికి రాత్రి అన్నం తినేటప్పుడు రెండు పేజీలు చదివి పెట్టండి. షాపు మూసేకే చదవండి, పర్వాలేదు.

మొగల్తూరు కుర్రాడు:

మాది మొగల్తూరే. కాలేజీలో ఏ ఊరు అంటే చెప్పగానే ఓ చిరంజీవి ఊరా, కృష్ణంరాజు ఊరా అంటారు, అది గొప్పే. కానీ తొమ్మిదో తరగతిలో ఈ పుస్తకం మొదటిసారి చదివినప్పుడు అందులో మా ఊరి పేరు చూసి ఆ పేజీ మీద వేలు పెట్టి ఇంట్లో అందరికీ చూపించేను. పుస్తకాల్లో ఉండే ఊళ్ళు వేరు, మనముండే ఊళ్ళు వేరు అని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. నాకు మాత్రం నచ్చడానికి మొదటి కారణం అదేనండి.

నర్సాపురం టీచర్:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, రెండు రోజులు స్కూల్లో పనెక్కువై ఆలస్యమైంది.

పాలకొల్లు నాన్న గారూ, మీరు చెప్పింది నిజం. నేను చదివే ముందు రోజూ నాలుగైదు మాటలు బోర్డు మీద రాసి చెప్పేస్తాను, రూపాయికి పదహారు అణాలు, బేడంటే రెండణాలు, బారిష్టర్ అంటే ఇంగ్లండులో చదువుకుని వచ్చిన లాయరు, ఇలాగ. అది చెయ్యకపోతే మా పిల్లలు కూడా పదిహేనో పేజీలోనే ఆగిపోయేవారు. మీ నాన్నగారి సంగతి పేర్లేమీ చెప్పకుండా క్లాసులో చెప్పేను, ఆ కౌంటర్ దగ్గర మీరుంటే ఏం చేస్తారు అని అడిగేను. ఆఖరి బెంచీ వాడే, పక్కన నించుని ఆయనతోపాటు మాట్లాడతాను అన్నాడు.

తాతయ్య గారి లాకుల మాట మాత్రం నాకు ఒక పీరియడ్ మొత్తం తినేసిందండి. సోషల్ మాస్టార్ని అడిగి ప్రపంచపటం తెచ్చి గోడకి తగిలించి మొగల్తూరు, నిడదవోలు, మద్రాసు, కొలంబో, ఫ్రాన్సు, లండన్ అన్నీ దారంతో కలిపేం. నిడదవోలుకీ మొగల్తూరుకీ మధ్య పటంలో దారం కట్టడానికి చోటే లేదు, అది చూసి ఇంతేనా మన జిల్లా అని ఆశ్చర్యపోయేరు. కొలంబో నుంచి ఓడ దారి సూయజ్ కాలవ మీదుగా అని చూపించగానే ఒకడు "అక్కడ కూడా కాలవేనా టీచర్, మరి లాకులెక్కడుంటాయి" అన్నాడు. నాకు తెలీదు, రేపు చెప్తానన్నాను. ఇంటికొచ్చి చూస్తే 1869లో తెరిచిన కాలవ, దానికి లాకులే లేవు, రెండు వైపులా సముద్రం ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటుంది కాబట్టి అవసరం లేదు. మన కాలవలు ధవళేశ్వరం నుంచి సముద్రం వైపు మెట్టు మెట్టుగా దిగుతాయి కాబట్టి మనకి కావాలి. మర్నాడు చెప్తే వాడు "అయితే మనదే కష్టమైన కాలవ" అని క్లాసంతటికీ చాటేడు.

మొదటి భాగం నిన్నటితో అయిపోయింది. తర్వాతి రెండు భాగాలు ఆయన చాలా ఏళ్ళ తర్వాత రాసినవి, అవి చదవాలా వద్దా అని పిల్లల్నే అడిగేను, మొదటిదే ఇంకోసారి చదవమని సగంమంది, ఆయన ఏమయ్యేడో తెలియాలని సగంమంది. ఇంకా తేలలేదు. పుస్తకం కూడా ఇప్పుడు నా దగ్గర లేదు, లిఫ్ట్ ఎక్కలేదన్న పిల్ల వాళ్ళ నాయనమ్మకి చదివి వినిపిస్తానని పట్టుకెళ్ళింది, పొద్దున్న అడిగితే ఓడ ఎక్కేరు టీచర్, సోమవారం తెస్తాను అంది.