అక్యూట్ పెయిన్ సదస్సుకు రిజిస్ట్రేషన్: వర్క్‌షాపు కూడా తీసుకోవాలా?

ప్రశ్న (కర్నూలు, ఎండీ అనస్థీషియా రెండో సంవత్సరం)

సీనియర్లకు నమస్కారం. హైదరాబాద్‌లో జరగబోయే అక్యూట్ పెయిన్ (గాయాలు, ఆపరేషన్ల వల్ల కొద్దికాలం ఉండే నొప్పి) సదస్సుకు పేరు నమోదు చేసుకుందామని ఫారం తెరిచి సగంలో ఆగిపోయాను. మొదటి రోజు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ నరాల చుట్టూ మత్తుమందు ఇవ్వడం (నరాల బ్లాకులు) వంటివి నేర్పే వర్క్‌షాపులు, తర్వాతి రెండు రోజులు ఉపన్యాసాలు, పోస్టర్లు ఉన్నాయి. సదస్సుకు మాత్రమే అయితే విద్యార్థుల రుసుము నా స్టైపెండ్‌కు అందుబాటులోనే ఉంది. వర్క్‌షాపు కలిపితే దాదాపు రెట్టింపు అవుతోంది. రాయితీ గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. మా విభాగంలో అల్ట్రాసౌండ్ యంత్రం ఉన్నప్పటికీ ప్రోబ్ (ఒంటి మీద ఆనించే భాగం) పట్టుకునే వంతు రెండో సంవత్సరం వాళ్లకు అరుదుగా వస్తుంది కాబట్టి, అంత డబ్బు పెట్టడం సబబేనా అని అడుగుతున్నాను. విద్యార్థి కేటగిరీకి బోనఫైడ్ పత్రం ఎవరి దగ్గర తీసుకోవాలి, క్రెడిట్ గంటలు (ఇలాంటి సదస్సులకు హాజరైనందుకు మెడికల్ కౌన్సిల్ లెక్కలో చేరేవి) పీజీలకు కూడా జమ అవుతాయా, పోస్టర్ పంపాలంటే ముందే డబ్బు కట్టాలా అన్నవి మిగిలిన సందేహాలు.

జవాబు (అనంతపురం, కన్సల్టెంట్ అనస్థటిస్టు)

అమ్మా, రెండింటిలో ఒకటే అనుకుంటే నేను వర్క్‌షాపే తీసుకోమంటాను. నొప్పి మీద ఉపన్యాసాల సారం చాలావరకు పుస్తకాల్లో, వీడియోల్లో దొరుకుతుంది. సూది మొన తెర మీద కనబడకుండా పోయినప్పుడు ప్రోబ్‌ను ఎటు వంచాలో పక్కన నిలబడి చెప్పేవారు మాత్రం అక్కడే దొరుకుతారు. అయితే చాలా చోట్ల సదస్సుకు నమోదు చేసుకున్నవారికే వర్క్‌షాపు ఇస్తారు, కాబట్టి మీకు అసలు ఎంపిక ఏ వర్క్‌షాపు అన్నదే. మీ వార్డుకు ఎవరు వస్తారో చూసి దాన్ని నిర్ణయించుకోండి. తుంటి విరిగిన పెద్దాయనను స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు ఇంజెక్షన్) కోసం కూర్చోబెట్టాలంటే ఆయన పెట్టే కేక మీరు వినే ఉంటారు. ముందుగా ఫేషియా ఇలియాకా బ్లాక్ (తుంటి నొప్పిని మోసే నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇచ్చి, మందు పట్టేదాకా ఓపికపడితే అదే మనిషి మన భుజం పట్టుకుని కూర్చుంటాడు. 44వ నంబరు జాతీయ రహదారి మీది ప్రమాదాల్లో పక్కటెముకలు విరిగి వచ్చేవారు మనకు కొత్త కాదు. వారికి నొప్పి తగ్గకపోతే గట్టిగా దగ్గలేరు, కఫం నిలుస్తుంది, న్యుమోనియా వస్తుంది. 2016లో తొలిసారి వర్ణించిన ఎరెక్టర్ స్పైనే ప్లేన్ బ్లాక్ (వీపు కండరాల కింద మందు ఇచ్చేది) ఇలాంటివారికి బాగా అక్కరకొస్తుంది, వెన్నుపాము పొరల వెలుపల మందు ఇచ్చే ఎపిడ్యూరల్ కన్నా నేర్చుకోవడమూ తేలిక. ఈ రెండూ ఉన్న వర్క్‌షాపు అయితే కళ్లు మూసుకుని తీసుకోండి. వెన్నుపాము దగ్గర స్టిమ్యులేటర్లు (నొప్పి తగ్గించే విద్యుత్ పరికరాలు) అమర్చడం వంటి దీర్ఘకాలిక నొప్పి వర్క్‌షాపు ఇప్పుడు మీకు అనవసరం.

డబ్బు కట్టే ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి, ఒక్కో బల్ల దగ్గర ఎంతమందిని ఉంచుతారు, ఫాంటమ్ (సాధనకు వాడే నమూనా) మీద సూది గుచ్చనిస్తారా లేక చూపించి పంపేస్తారా అని అడగండి. ఒక బల్లకు పదిహేనుమంది అంటే ముందు వరుస భుజాలు చూసి రావడమే అవుతుంది. ఇంకో మాట, ఇది సందర్భానికి కొంచెం పక్కన: వర్క్‌షాపు ఉత్సాహంలో సొంత యంత్రం కొనేవారు, నరాల బ్లాకులకే వాడినా సరే, 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని గుర్తుంచుకోవాలి.

జవాబు (కడప, గతంలో ఒక రాష్ట్ర స్థాయి సదస్సులో రిజిస్ట్రేషన్ పనులు చూసిన వైద్యుడు)

కాగితాల సంగతి నేను చెబుతాను. బోనఫైడ్ పత్రం మీ హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సంతకంతో, విభాగం సీలుతో, కళాశాల లెటర్‌హెడ్ మీద ఉంటే చాలు. సీలు అక్షరాలు చదవడానికి వీలుగా స్కాన్ చేయండి, ఎందుకంటే మా దగ్గర ఎక్కువగా వెనక్కి వెళ్లినవి మసకబారిన ఫోన్ ఫోటోలే. పేరును మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే, ఇంటిపేరు ఎక్కడుంటే అక్కడే, రాయండి. క్రెడిట్ గంటలు ఆ పేరుకు, ఆ నంబరుకే జమ అవుతాయి. ఎంబీబీఎస్‌తో వచ్చిన రిజిస్ట్రేషన్ మీకు ఉంది కనుక పీజీలైనా అవి వర్తిస్తాయి. ఐదేళ్లకు 30 గంటలు కావాలన్నప్పుడు వీటి విలువ తెలుస్తుంది. కాకపోతే ఆ సదస్సుకు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ గుర్తింపు ఉండాలి, మీ హాజరు అక్కడ నమోదై ఉండాలి. సర్టిఫికెట్ చేతికొచ్చినంత మాత్రాన క్రెడిట్లు వచ్చినట్టు కాదు.

రుసుము పక్కన జీఎస్టీ అదనం అని ఉంటే 18 శాతం కలుపుకుని లెక్క వేసుకోండి. చెల్లింపు మధ్యలో తెగిపోయి ఖాతాలో డబ్బు పోతే వెంటనే రెండోసారి కట్టవద్దు. బ్యాంకు ఇచ్చిన యూటీఆర్ నంబరుతో మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే కదలండి. పోస్టర్ సారాంశాన్ని డబ్బు కట్టకముందే పంపనిస్తారు గానీ, ఆమోదం పొందాక సమర్పించేవారు నమోదై ఉండాలన్న షరతు మామూలుగా ఉంటుంది. సెలవు విషయానికి వస్తే, 2023 నాటి పీజీ నిబంధనల్లో ఏడాదికి ఐదు రోజుల అకడమిక్ లీవు ఉంది. డ్యూటీ రోస్టర్ వేయకముందే అడగండి.

జవాబు (కర్నూలు, స్టాఫ్ నర్సు)

డాక్టర్ల మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఆర్థో వార్డులో ఆపరేషన్ అయినవారి నొప్పి చార్టు రాసేది మేమే. పదికి ఎంత నొప్పి అని అడిగితే ఆదోని, పత్తికొండ వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు చాలామంది మా మొహం చూస్తారు. ఎంత తగ్గిందవ్వా అంటే మాత్రం "రూపాయికి పన్నెండణాలు తగ్గింది తల్లీ" అని ఠక్కున చెబుతారు. మేము దాన్ని పదికి రెండున్నర అని వేసుకుంటున్నాము. నర్సులు కూడా ఈ సదస్సుకు నమోదు చేసుకోవచ్చా సార్?

జవాబు (అనంతపురం, కన్సల్టెంట్ అనస్థటిస్టు)

తప్పకుండా ప్రయత్నించాలి సిస్టర్. ఫారంలో నర్సింగ్ కేటగిరీ కనబడకపోతే నిర్వాహకులకు రాయండి. ఆపరేషన్ తర్వాతి నొప్పికి ప్రత్యేక సేవ ఎలా నడపాలో 1988లో సియాటిల్ వైద్యులు వివరించాక, దాన్ని తక్కువ ఖర్చుతో సాధ్యం చేసి చూపిన స్వీడన్ నమూనా నర్సుల మీదే ఆధారపడింది. నొప్పి కొలిచి రాసేవారు లేకుండా మా బ్లాకులు ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాటవు.

అయితే ఆ రెండున్నర లెక్క సరికాదు. పన్నెండణాలు అన్నది తగ్గిన భాగం, అంటే ముప్పావు వంతు. మొదట ఎనిమిది ఉన్నవారికి ఇప్పుడు రెండు మిగిలినట్టు, నాలుగు ఉన్నవారికి ఒకటే మిగిలినట్టు. మొదటి కొలత లేకుండా ఇప్పుడెంత ఉందో దానితో తెలియదు. ప్రశ్న అడిగిన డాక్టర్ అమ్మాయికి మాత్రం ఇందులో పోస్టర్ ఉంది: మందు ఇచ్చే ముందు, తర్వాత ముఖాల బొమ్మల స్కేలుతో కొలిచి, రోగి అణాల్లో చెప్పిన తగ్గుదలతో పోల్చి చూడవచ్చు. సిస్టర్ పేరు కూడా రచయితల్లో చేర్చండి. కానీ రోగుల వివరాలు సేకరించే ముందు కళాశాల ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ సమావేశం ఎప్పుడుందో రేపే కనుక్కోండి, సారాంశం గడువు కన్నా ముందు ముంచుకొచ్చేది అదే.