చేత్తో చేసిన సబ్బు మీద నారింజ రంగు మచ్చలు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. అత్తయ్య, మా ఆయన, నేను కలిసి మూడేళ్లుగా ఇంట్లోనే సబ్బులు చేసి అమ్ముతున్నాం. కొబ్బరినూనె, నువ్వుల నూనె, ఆముదం కాస్టిక్ సోడా నీళ్లతో కలిపి, అచ్చుల్లో పోసి, ముక్కలు కోసి ఆరు వారాలు ఆరబెడతాం. పామాయిల్ వాడం, ప్లాస్టిక్‌లో చుట్టం.

ఈ వానాకాలం సబ్బులకు చెమట పట్టినట్టు నీటి బొట్లు నిలుస్తున్నాయి. అది గ్లిజరిన్ గాలిలో తేమను లాగడం వల్లేనని తెలుసు, తుడిస్తే పోతుంది. అసలు బెంగ వేరే. రెండు నెలలకే ఆవగింజంత నారింజ రంగు మచ్చలు వస్తున్నాయి, ముక్కు దగ్గర పెడితే పాత నూనె కంపు. చంటిబిడ్డ తల్లి ఒకావిడ సబ్బు వెనక్కి తెచ్చిచ్చారు. ఆ రాత్రి అత్తయ్య సరిగ్గా అన్నం కూడా తినలేదు.

నువ్వుల నూనె 30 శాతం వేస్తున్నాం. సబ్బుగా మారకుండా మిగిలే నూనె 8 శాతం ఉంచుతున్నాం. ఈ రెండిట్లో ముందు ఏది తగ్గించాలి? నూనె కంపు పట్టకుండా వేసే రోజ్‌మేరీ ఎక్స్‌ట్రాక్ట్ (రోజ్‌మేరీ ఆకుల సారం) కలిపితే ఈ మచ్చలు ఆగుతాయా, కిలో నూనెకు ఎంత వేయాలి? కృత్రిమ ప్రిజర్వేటివ్‌లు మాత్రం వద్దండి, కొనేవాళ్లకు మాటిచ్చాం. ఏసీ లేకుండా మన కృష్ణా, గుంటూరు తేమలో సబ్బులు ఆరబెట్టినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.