ఒకే కంటికి 518, 497: లాసిక్‌కి ఏ రీడింగ్ నమ్మాలి?

విజయనగరం_అక్క
మా చెల్లికి 24 ఏళ్లు, రెండు కళ్లకూ మైనస్ 5.5. వచ్చే నెలలో పెళ్లి. ఈలోపే లాసిక్ (కళ్లద్దాలు అక్కర్లేకుండా చేసే లేజర్ ఆపరేషన్) చేయించుకుంటానంటోంది. ఒక ఆసుపత్రిలో పెన్ను లాంటి ప్రోబ్ తాకించి కుడికంటి కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర) మందం కొలిస్తే 518 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) వచ్చింది, ఈ వారమే చేసేస్తామన్నారు. ఇంకోచోట పెంటాకామ్ (కంటిని తాకకుండా కార్నియా మొత్తాన్ని ఫొటోలు తీసి కొలిచే స్కాన్) తీశారు. అందులో బాగా పలుచగా ఉన్నచోట 497. వీళ్లేమో సాఫ్ట్ లెన్స్ ఆపేసి రెండు వారాల తర్వాత రమ్మన్నారు. ఇంట్లో ఒకటే గొడవ. 21 మైక్రాన్ల కోసం ఆగాలా?

గాజువాక_మెకానికల్
అక్కర్లేదండీ. లేజర్ చెక్కే లోతు సుమారుగా జోన్ (లేజర్ చెక్కే భాగం) వ్యాసం వర్గాన్ని పవర్‌తో గుణించి మూడుతో భాగిస్తే వస్తుంది. 6.5 మి.మీ. జోన్‌కి 78 మైక్రాన్లు, ఫ్లాప్‌కి (లేజర్‌కి ముందు కోసి పైకి లేపే పైపొర) 110. 518లో ఇవి పోగా 330 మిగులుతుంది, 497లో పోయినా 309. కనీసం 250 ఉండాలంటారు, జాగ్రత్తపడే డాక్టర్లు 300 అడుగుతారు. రెండు రకాలుగానూ పాస్. నాకు ఆ ప్రోబ్ కొలత ఒక్కదానితోనే చేశారు, చూపు ఇప్పటికీ బాగుంది.

ఖమ్మం_ఫార్మసీ
అంత తేలిగ్గా చెప్పకండి అన్నా. లాసిక్ తర్వాత కార్నియా ఉబ్బే ప్రమాదాన్ని అంచనా వేయడానికి 2008లో రాండిల్‌మన్ అనే డాక్టర్ బృందం ఇచ్చిన రిస్క్ స్కోర్‌లో 24 ఏళ్ల వయసుకే 2 పాయింట్లు పడతాయి. మందం 510 దాటితే సున్నా, 481 నుంచి 510 మధ్య అయితే ఇంకో 2. అంటే 518తో ఈ అమ్మాయి లో రిస్క్, 497తో హై రిస్క్. 21 మైక్రాన్లతోనే గీత దాటేస్తున్నాం.

గుంటూరు_ఆప్టోమెట్రిస్ట్
అసలు ఆ రెండు అంకెలు ఒకే చోట కొలిచినవి కావు. ప్రోబ్ తాకించేది మధ్యలో. పలుచటి చోటు మామూలుగా మధ్య నుంచి కొంచెం కిందికి, చెవి వైపుకి ఉంటుంది. ఖమ్మం గారూ, ఆ స్కోర్ మధ్య మందం మీద కట్టింది, అందులో 497 వేయకూడదు. అక్కా, పెంటాకామ్ రిపోర్టులో మధ్య విలువ విడిగా ఉంటుంది. 518ని దానితో పోల్చండి.

ప్రోబ్ నిటారుగా, సరిగ్గా మధ్యలో ఆనాలి. కార్నియా అంచులవైపు మందంగా ఉంటుంది కాబట్టి కాస్త పక్కకి జరిగినా రీడింగ్ ఎక్కువొస్తుంది. పెంటాకామ్ కూడా తప్పు చూపించగలదు. రెప్ప వాలినా, కన్ను కదిలినా స్కాన్ చెడుతుంది. రిపోర్టులో క్యూఎస్ (స్కాన్ నాణ్యత) అనే గడిలో ఓకే ఉందా చూడండి. రెండు మెషిన్ల అంకెలకు సగటు తీసే పని మాత్రం చేయొద్దు. ఒకే మెషిన్ మీద మళ్లీ మళ్లీ తీసి, దగ్గర దగ్గరగా వస్తున్నాయో లేదో చూడాలి.

గాజువాక గారూ, మీ తీసివేత సరైనదే, కానీ అది ఆరోగ్యంగా ఉన్న కార్నియాకి. లాసిక్ తర్వాత కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బిన కేసుల గురించి సైలర్ బృందం 1998లోనే రాసింది. ఆ 2008 స్కోర్‌లోనూ అన్నిటికన్నా బలమైన హెచ్చరిక మందం కాదు, టోపోగ్రఫీలో (కార్నియా ఉపరితలాన్ని రంగుల్లో చూపే మ్యాప్) కనిపించే ఆకారం. కెరటోకోనస్ (కార్నియా పలుచబడి శంకువులా ముందుకు ఉబ్బే జబ్బు) తొలిదశలో మందం మామూలుగానే ఉండొచ్చు, వెనక ఉపరితలం మాత్రం అప్పటికే ఉబ్బడం మొదలై ఉంటుంది. ప్రోబ్‌కి అది తెలియదు.

లెన్స్ రోజూ పెడితే కార్నియా ఆకారం మారుతుంది, కొంచెం వాస్తుంది కూడా. అలాంటి కంటిని కొలిస్తే మందంతో పాటు పవర్ కూడా తప్పు రావచ్చు. లేజర్ ఆ తప్పు పవర్‌నే చెక్కుతుంది. అందుకే రెండు వారాలు.

గాజువాక_మెకానికల్
మీ మాట కాదనను. కానీ రంగురంగుల మ్యాప్ చూపించి భయపెట్టి, ఎక్కువ ఖర్చయ్యే ఐసీఎల్ (కంటిలోపల అమర్చే లెన్స్) వైపు తిప్పేవాళ్లు లేరా? మామూలు జనానికి ఆ మ్యాప్ ఏం అర్థమవుతుంది?

గుంటూరు_ఆప్టోమెట్రిస్ట్
ఉన్నారు, నాకూ బాధే. దానికి మందు మ్యాప్ మానేయడం కాదు సార్. ప్రింట్ అడిగి తీసుకుని, సర్జరీతో సంబంధం లేని కార్నియా డాక్టర్‌కి చూపించండి.

ఖమ్మం_ఫార్మసీ
స్మైల్ (చిన్న కోత నుంచి లోపలి పొరను తీసే లేజర్ పద్ధతి) అయితే ఫ్లాప్ ఉండదుగా, ఈ బాధలు తప్పుతాయా?

గుంటూరు_ఆప్టోమెట్రిస్ట్
తప్పవు. స్మైల్ తర్వాత కూడా ఉబ్బిన కేసులున్నాయి. కొలతలు అంతే జాగ్రత్తగా కావాలి.

విజయనగరం_అక్క
ఇప్పుడే చూశాను. కుడికంటికి మధ్యలో 503. క్యూఎస్ కుడికి ఓకే ఉంది, ఎడమకి లేదు. చెల్లి స్కాన్‌కి ముందు రోజు దాకా లెన్స్ పెట్టుకుంది. దుమ్ము అలర్జీ కూడా ఉంది, కళ్లు తెగ నలుపుతుంది. ఆ సంగతి రెండు చోట్లా ఎవరూ అడగలేదు.

గుంటూరు_ఆప్టోమెట్రిస్ట్
అమ్మా, నలపడం కెరటోకోనస్‌కి పెద్ద కారణాల్లో ఒకటి. డాక్టర్‌కి మొదట ఇదే చెప్పండి. అలర్జీకి మందు వాడించి, లెన్స్ మానిపించి, రెండు కళ్లకూ మళ్లీ తీయించండి.

గాజువాక_మెకానికల్
నలుపుతుందంటే నేనూ ఆగమనే అంటాను. కానీ అప్పుడు ప్రోబ్‌తో కూడా మళ్లీ కొలిపించండి. అంకె పాతదే వస్తే 518ని కొట్టిపారేయడానికి నేనింకా ఒప్పుకోను.