సబాట్నిక్ తొలి ఆల్బమ్‌లో శాస్త్రీయ శిక్షణ వినిపిస్తోందా?

పాతరికార్డు: అమెరికన్ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు మోర్టన్ సబాట్నిక్ 1967 నాటి ఆల్బమ్ ‘సిల్వర్ యాపిల్స్ ఆఫ్ ది మూన్’ అందరూ వినాలి. ఆయన క్లారినెట్ వాద్యకారుడు, మిల్స్ కాలేజీలో ఫ్రెంచి స్వరకర్త దారియుస్ మియో దగ్గర కంపోజిషన్ చదివాడు. నాన్‌సచ్ రికార్డు కంపెనీ ఎల్పీ కోసమే అడిగి చేయించింది. పూర్తిగా బుక్లా సింథసైజర్ మీదే, అంటే కరెంటుతో ధ్వనులు పుట్టించే వాద్యం మీదే. ఆ చదువు ప్రతి క్షణం వినిపిస్తుంది.

శ్రుతిపెట్టె: అరగంట విన్నాను. నాకు ఒక్కచోటా వినిపించలేదు.

పాతరికార్డు: రెండో వైపు వినండి, లయ ఎలా నిలబడిందో.

శ్రుతిపెట్టె: అది సీక్వెన్సర్, అంటే ముందే పెట్టిన వోల్టేజీలని అడుగడుగునా వరసగా పంపే యంత్రభాగం, తిప్పిన లయ. మనిషి వేసిన తాళం కాదు.

పాతరికార్డు: ఏ అడుగుకి ఎంత వోల్టేజీ, ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆపాలి, ఇవన్నీ మనిషే పెట్టాడండీ. బుక్లాకి పియానో కీస్ కూడా లేవు, వేలు ఆనిస్తే పలికే పలకలు అంతే. కీస్ ఉంటే చేతులు పాత సంగీతం వైపే పోతాయని ఆయనే వద్దనుకున్నాడు.

గమకం123: కీస్ లేకపోతే స్వరస్థానాలు ఎలా?

శ్రుతిపెట్టె: అదే నేనూ అడుగుతున్నా. స్వరస్థానమే లేనప్పుడు శిక్షణ దేనికి?

వీణాధరి: కీబోర్డు మీద గమకం పలకదని మనమే అంటాం. ఇక్కడ కీబోర్డు లేదంటే తప్పు పడుతున్నాం!

శ్రుతిపెట్టె: వీణకి మెట్లున్నాయి.

పాతరికార్డు: మీరు మెట్ల దగ్గరే ఆగిపోయారు. వినే ఓపిక లేనివాళ్లు తీర్పు చెప్పకూడదు.

శ్రుతిపెట్టె: ఓపిక గురించి నాకు చెప్పకండి! మా తమ్ముడు సంగీతం నేర్చుకోలేదు. ఇంట్లో పాత సింథసైజర్ మీద ఇలాంటివే చేసేవాడు. మా గురువుగారు విని “ఆ చప్పుడు ఆపమను” అన్నారు. నేనూ నోరు మెదపలేదు. వాడు మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. ఈ రికార్డుని మాత్రం 2009లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన రికార్డుల జాతీయ జాబితాలో చేర్చింది. చదువుంటే ప్రయోగం, లేకపోతే చప్పుడా? మీ పోస్టులో మొదట రాసింది కూడా ఆయన చదువే.

వీణాధరి: ఈ మాట ముందే చెప్పాల్సింది.

పాతరికార్డు: నిజమే, ఆ చదువుని పూచీకత్తులా పెట్టాను. అది తప్పే. కానీ శిక్షణ లేకుండా ఆ రెండో వైపు కట్టలేరని ఇప్పటికీ అంటాను.

శ్రుతిపెట్టె: ఎందుకు కట్టలేరు?

వీణాధరి: తమ్ముడు చేసినవి ఏమైనా మిగిలాయా?

శ్రుతిపెట్టె: ఒక క్యాసెట్ ఉంది. ఇస్తాడో లేదో, అడుగుతాను.