వెలిసిపోయిన అక్షరాలు: ఎరేజరా, మాస్కా?

పటమట కుర్రాడు: గవర్నర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్‌కి ఆరడుగుల ఫ్లెక్స్ చేస్తున్నా. పేరు పాత గోడరాతలా వెలిసిపోయినట్టు ఉండాలంట. ఫోటోషాప్‌లో గ్రంజ్ బ్రష్ (మరకలు, గీతల్లా గరుకుగా పడే బ్రష్) పెట్టి ఎరేజర్‌తో కొట్టా. టెక్స్ట్ రాస్టరైజ్ చెయ్యాలంది, అంటే అక్షరాల్ని బొమ్మగా మార్చెయ్యాలంది, చేసేశా. ఇప్పుడు ఓనరు పేరులో ఒక్క అక్షరం మార్చమంటున్నాడు. మళ్లీ మొదటి నుంచా?

బ్రాడీపేట డీటీపీ: లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు, 1994లో ఫోటోషాప్ 3.0తోనే వచ్చాయి. ఇంకా ఎరేజర్ ఏంటి తమ్ముడూ? టెక్స్ట్‌కి లేయర్ మాస్క్ తగిలించు, అది చెరపకుండా దాచే ముసుగు. మాస్కులో నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది, బూడిద రంగు సగం సగం. గోడ టెక్చర్ (గరుకు, మరకలు కనిపించే ఫోటో) తీసుకుని లెవెల్స్‌తో కాంట్రాస్ట్ పెంచి కాపీ కొట్టు. ఆల్ట్ పట్టుకుని మాస్క్ థంబ్‌నెయిల్ నొక్కి అందులో పేస్ట్ చెయ్యి. పేరు ఎన్నిసార్లు మార్చినా మరకలు ఎక్కడివక్కడే. నెట్లో టెక్చర్లు బోలెడు ఫ్రీ.

వన్‌టౌన్ కుంచె: ఆ ఫ్రీ టెక్చర్లతోనే వచ్చింది తంటా. ఆరడుగులంటే 72 అంగుళాలు. అంగుళానికి 72 పిక్సెల్స్ వేసుకున్నా 5,184 కావాలి. నెట్లో దొరికిన చిన్న బొమ్మని సాగదీస్తే కనిపించేది మరక కాదు, గళ్లు. పైగా రంగు అన్నిచోట్లా ఒకేలా పోదు. చూరు నీళ్లు కారే చోట చారలు, అడుగున చెమ్మకి పెచ్చులు, ఎండపడే వైపు వెలిసిపోవడం. షట్టరైతే చేతులు పడే చోట అరుగుతుంది, మేకుల చుట్టూ తుప్పు. టెక్స్ట్‌ని గ్రూపులో పెట్టి గ్రూపుకి ఇంకో మాస్కు వేసి, పెద్ద మెత్తటి బ్రష్‌తో అడుగుభాగం తగ్గించు. సన్న చిల్లులకి లోపలి మాస్కు చాలు.

కృష్ణలంక: ఇడ్లీ తినడానికొచ్చినవాడు ఇంత చూస్తాడా అన్నా?

బ్రాడీపేట డీటీపీ: చూడడు, చదువుతాడు. ఫ కింద గీత చెరిగితే ప. ధ కింద గీత పోతే ద. ఠలో చుక్క పోతే ర. అలాంటి చోట మాస్కులో తెల్ల బ్రష్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. కుంచె గారి చారలన్నీ పెడితే పేరే మిగలదు. ఒక పెళ్లివాళ్లకి ఇలాగే పాతకాలం కార్డు చేసిస్తే, ఇంకు సరిగా పడలేదని డబ్బులు ఎగ్గొట్టారు.

వన్‌టౌన్ కుంచె: చదవొద్దని నేనెక్కడన్నా? చారలు ఎక్కడ పడతాయో అన్నా.

బ్రాడీపేట డీటీపీ: మీరు మ్యూజియానికి చేస్తున్నారు. నేను కస్టమర్‌కి చేస్తున్నా.

వన్‌టౌన్ కుంచె: మ్యూజియమా! మా నాన్న ఏలూరు రోడ్డులో ఎనామెల్‌తో బోర్డులు రాశాడు. ఫ్లెక్స్ వచ్చి ఆ పని పోయింది. ఇప్పుడు అదే వెలిసిన బోర్డు కంప్యూటర్లో కావాలంటున్నారు. నేను నిజం గోడ వెతికి ఫోటో తీసి రోజంతా కూర్చుని చేస్తే, మీరు ఫ్రీ టెక్చర్ పడేసి మూడొందలకి ఇస్తారు. నా కస్టమర్ మీ రేటు చూపించి బేరం పెడతాడు.

బ్రాడీపేట డీటీపీ: ఇందాకటి నుంచి చారలూ చెమ్మా అంటూ చెప్పింది దీనికా? సూటిగా రేటని అనొచ్చుగా. నాకు షాపు అద్దె ఉంది. గంటలో ఇవ్వకపోతే పక్కవాడు రెండొందలకి ఇస్తాడు. మీరు రోజంతా కూర్చుంటే ఆ రోజు కూలి కస్టమరెందుకు కట్టాలి?

వన్‌టౌన్ కుంచె: వాడికి కావాల్సింది పాతదనం కాబట్టి.

కృష్ణలంక: ఇద్దరూ కలిసి అయిదొందలు ఫిక్స్ చేసెయ్యండి 😄

వన్‌టౌన్ కుంచె: తమ్ముడూ పటమటా, నీకెంత ఇస్తున్నాడు?

పటమట కుర్రాడు: మాస్కు పని చేసింది, ఇద్దరికీ థ్యాంక్స్ అన్నా. డిజైన్ ఫ్రీ అని చెప్పా. ప్రింటు డబ్బులే తీసుకుంటున్నా.

బ్రాడీపేట డీటీపీ: ఓరి నాయనా!