టెర్మినల్ అవుట్‌పుట్ కాపీ చేయాలంటే: మౌస్‌తో సెలెక్ట్ చేయాలా, కమాండ్‌తో పంపాలా?

హైటెక్‌సిటీ సపోర్ట్:
మా టీమ్‌లో కొన్నాళ్లుగా ఒకటే వాదన. ఎర్రర్ వస్తే టెర్మినల్లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) మౌస్‌తో సెలెక్ట్ చేసి టికెట్‌లో (సమస్యను నమోదు చేసే ఫిర్యాదులో) పేస్ట్ చేయడం అందరికీ అలవాటు. ఇకమీదట అలా వద్దు, కమాండ్‌తోనే క్లిప్‌బోర్డ్‌లోకి పంపాలి అని మా లీడ్ గారు రూల్ పెడదామంటున్నారు. సగం మంది ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

అమీర్‌పేట ట్రైనర్:
రూల్ అనవసరం అండీ. రెండొందల లైన్లలో పనికొచ్చేవి మూడో నాలుగో ఉంటాయి. అవి ఎక్కడున్నాయో కంటికి తెలుస్తుంది, కమాండ్‌కి తెలియదు. కొత్త పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: లినక్స్ టెర్మినల్లో కాపీకని కంట్రోల్ సీ కొట్టొద్దు, నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగిపోతుంది. కంట్రోల్ షిఫ్ట్ సీ కొట్టండి. అది చాలు.

నైట్‌షిఫ్ట్ అడ్మిన్:
చాలదు అన్నా. టికెట్ అందుకునే వైపు కూర్చుని చూడండి. టీమక్స్‌లో (ఒకే టెర్మినల్‌ని భాగాలుగా వాడుకోనిచ్చే ప్రోగ్రామ్) స్క్రీన్‌ని పక్కపక్కన రెండు భాగాలు చేసుకున్నవాళ్లు మౌస్‌తో లాగితే, పక్క భాగంలోని అక్షరాలూ మధ్యలోని నిలువు గీతా కలిసి వచ్చేస్తాయి. పొడవాటి ఫైల్ పాత్ (ఫైల్ ఎక్కడుందో చెప్పే అడ్రస్) మధ్యలో విరిగి రెండు లైన్లవుతుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోయి ఉంటే, నేను ఆ ముక్కలు అతికించుకుంటూ కూర్చోవాలి.

విండోస్ పాత కన్సోల్లో ఇంకో ప్రమాదం ఉంది. క్విక్ ఎడిట్ (మౌస్‌తో నేరుగా సెలెక్ట్ చేయనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే, విండోలో ఒక్క క్లిక్ పడగానే సెలెక్షన్ మొదలై, టైటిల్ ముందు ‘సెలెక్ట్’ అని వస్తుంది. ఇక ప్రోగ్రామ్ స్క్రీన్ మీద ఏదైనా రాయబోతే అక్కడే ఆగిపోతుంది. బ్యాకప్ జాబ్ ఒకటి తెల్లారేదాకా అలా నిలిచిపోవడం నేను చూశాను. ఎంటర్ కొడితే కదిలింది.

కమాండ్‌తో అయితే ఈ గొడవ లేదు. విండోస్‌లో చివర ‘| క్లిప్’, మ్యాక్‌లో ‘| పీబీకాపీ’. లినక్స్‌లో స్క్రీన్‌ని నడిపే వ్యవస్థ ఎక్స్11 అయితే ఎక్స్‌క్లిప్, వేలాండ్ అయితే డబ్ల్యూఎల్-కాపీ. ఆ ‘|’ గుర్తే పైప్, ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని తర్వాతి దానికి అందిస్తుంది. పైప్ గుండా మామూలు అవుట్‌పుటే వెళ్తుంది, ఎర్రర్లు స్క్రీన్ మీదే ఉండిపోతాయి. అందుకే పైప్‌కి ముందు 2>&1 పెట్టాలి. నాలుగు లైన్లే కావాలంటే మధ్యలో గ్రెప్ (కావాల్సిన మాట ఉన్న లైన్లనే ఏరే కమాండ్) పెట్టుకోండి.

ఉప్పల్ డెవలపర్:
ఎక్స్‌క్లిప్ వాడి చూశాను, కంట్రోల్ వీ కొడితే పాతదే పేస్ట్ అవుతోంది. ఎందుకు?

నైట్‌షిఫ్ట్ అడ్మిన్:
ఎక్స్11లో మౌస్‌తో సెలెక్ట్ చేసింది ‘ప్రైమరీ’ అనే వేరే చోటుకి పోతుంది, మధ్య బటన్‌తో పేస్ట్ అవుతుంది. ఎక్స్‌క్లిప్ కూడా ఏమీ చెప్పకపోతే అక్కడే పెడుతుంది. ‘-సెలెక్షన్ క్లిప్‌బోర్డ్’ అని చేర్చండి.

గచ్చిబౌలి క్లౌడ్:
మా పనంతా ఎస్ఎస్‌హెచ్‌లోనే, అంటే దూరంగా ఉన్న సర్వర్‌లోకి టెర్మినల్ నుంచి లాగిన్ అయ్యే. సర్వర్‌లో ఎక్స్‌క్లిప్ కొడితే నా ల్యాప్‌టాప్ క్లిప్‌బోర్డ్‌కి అదెలా వస్తుంది? దానికి ఓఎస్‌సీ 52 అనే ఎస్కేప్ సీక్వెన్స్ (టెర్మినల్‌కి ఆదేశమిచ్చే ప్రత్యేక అక్షరాల వరుస) ఉంది, సర్వర్ నుంచి వచ్చిన టెక్స్ట్‌ని మన టెర్మినలే ఇక్కడ క్లిప్‌బోర్డ్‌లో పెడుతుంది. కానీ అన్ని టెర్మినళ్లూ ఒప్పుకోవు. ఒప్పుకోని చోట మౌసే దిక్కు.

హైటెక్‌సిటీ సపోర్ట్:
నేను విండోస్ పవర్‌షెల్ 5.1లో క్లిప్‌కి పైప్ చేస్తే, తెలుగు పేర్లున్న ఫైళ్లన్నీ ప్రశ్నార్థకాలుగా వచ్చాయి.

నైట్‌షిఫ్ట్ అడ్మిన్:
ఆ వెర్షన్ బయటి ప్రోగ్రామ్‌కి పైప్ చేసేటప్పుడు మామూలుగా ఆస్కీలోకి (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులే ఉన్న పాత కోడ్) మార్చేస్తుంది. క్లిప్ బదులు ‘సెట్-క్లిప్‌బోర్డ్’ వాడండి, తెలుగు తెలుగుగానే వస్తుంది.

అమీర్‌పేట ట్రైనర్:
సరే తమ్ముడూ, రెండు విషయాలకు జవాబు చెప్పు. పైప్ చేస్తే ఏ కమాండ్ కొట్టారో ఆ లైన్ రాదు. అంతకంటే టెన్షన్ పెట్టేది, అవుట్‌పుట్‌లో పాస్‌వర్డో టోకెనో (పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య కోడ్) ఉంటే చూడకుండానే టికెట్‌లోకి ఎక్కేస్తుంది. మౌస్‌తో అయితే ఏం పంపుతున్నామో చూసే పంపుతాం.

నైట్‌షిఫ్ట్ అడ్మిన్:
టోకెన్ల మాట నిజం అన్నా, రూల్‌లో అది రాయాల్సిందే. అలాంటి అవుట్‌పుట్‌ని ముందు ఫైల్‌లోకి పంపి, ఎడిటర్‌లో తెరిచి, రహస్యాలు తీసేసి అప్పుడు కాపీ చేయాలి. కమాండ్ లైన్‌ని పైన చేత్తో టైప్ చేస్తే సరిపోతుంది.

అమీర్‌పేట ట్రైనర్:
ఫైల్ దాకా వెళ్లాక దాన్నే అటాచ్ చేయొచ్చు కదా, క్లిప్‌బోర్డ్ దేనికి?

నైట్‌షిఫ్ట్ అడ్మిన్:
పెద్ద లాగ్ అయితే అటాచే చేయండి. చిన్న ఎర్రర్ మాత్రం టికెట్‌లోనే టెక్స్ట్‌గా ఉండాలి. మళ్లీ అదే ఎర్రర్ వచ్చినప్పుడు ఆ లైన్‌తో వెతికితే పాత టికెట్, దాని పరిష్కారం రెండూ దొరకాలి. పాత్ మధ్యలో విరిగి ఉంటే ఆ వెతుకులాటలో అది దొరకదు. నా పట్టుదలంతా అందుకే.